మధుమేహంలో ఎవరి లెక్క వారిది

ప్రవాసంలోని తెలుగువారు ఉగాదికో, సంక్రాంతికో ఒకచోట చేరినప్పుడు భోజనాల బల్ల దగ్గర తప్పక సాగే చర్చలలో మధుమేహం ఒకటి. అన్నం మాని చపాతీలకు మారిన తరువాత చక్కెర తగ్గిందని ఒకరంటారు. చపాతీల వల్ల తమకేమీ ఒరగలేదని, రాగిసంగటే మేలని మరొకరంటారు. ఇంకొకరు కాకరకాయ రసాన్ని, వేరొకరు నానబెట్టిన మెంతులను సూచిస్తారు. వీరిలో ఎవరూ అసత్యం చెప్పడం లేదు. ఎవరి అనుభవం వారు చెబుతున్నారు. అయితే ఒకరి శరీరంలో నిరూపితమైన విషయం మరొకరి శరీరంలోనూ అలాగే జరగాలన్న నియమం లేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెతకు ఈ వ్యాధి విషయంలో మరొక మాట చేర్చవచ్చు: ఒంటికో లెక్క.

ఆ లెక్క తెలియకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. అదుపు తప్పిన మధుమేహం ఏ నొప్పీ లేకుండానే కంటిలోని రెటీనాను, మూత్రపిండాలను, పాదాల నరాలను, గుండెకు రక్తం తెచ్చే నాళాలను ఏళ్ల తరబడి దెబ్బతీస్తూ పోతుంది. మరోవైపు, భయంతో కనిపించిన ప్రతి ఆహారాన్నీ వదిలి నీరసించేవారూ, ఎవరి మాటో విని మందులు మానేసి ఆసుపత్రి పాలయ్యేవారూ ఉన్నారు. ఈ వ్యాధిలో అందరికీ వర్తించే నియమాలేవి, ఎవరికి వారు కనుగొనవలసినవేవి, కనుగొనే పద్ధతి ఏమిటి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

వ్యాధి స్వరూపం

మూత్రం తియ్యగా ఉండటాన్ని, దానికి చీమలు చేరడాన్ని గమనించిన ప్రాచీన భారత వైద్యులు ఈ వ్యాధిని మధుమేహమన్నారు. మూలకారణం మాత్రం ఇరవయ్యవ శతాబ్దం వరకు అంతుచిక్కలేదు. 1921లో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కలిసి క్లోమగ్రంథి నుండి ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి దానిని మొట్టమొదటగా ఇచ్చారు. అంతవరకు మరణశాసనంగా ఉన్న వ్యాధి నాటి నుండి జీవితకాలం వెంట ఉండే వ్యాధిగా మారింది.

అన్నం, రొట్టె, బంగాళాదుంప, పండు వంటి వాటిలోని పిండిపదార్థాలు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరతాయి. ఇన్సులిన్ ఆ గ్లూకోజును కండరాల, కొవ్వు కణాలలోకి చేర్చుతుంది. మిగులును కాలేయం దాచుకొని, రాత్రివేళ భోజనం లేని గంటలలో కొద్దికొద్దిగా వదులుతుంది. ఆరోగ్యవంతుని రక్తంలో డెసిలీటరుకు దాదాపు 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. అంటే ఐదు లీటర్ల రక్తం మొత్తంలో ఉండేది సుమారు ఐదు గ్రాములు, ఒక చిన్న చెంచా చక్కెరపాటి. వండిన తెల్ల అన్నం వంద గ్రాములలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములుంటుంది. మూడు వందల గ్రాముల అన్నం తిన్నవారి ఒంటిలోకి 84 గ్రాములు, అనగా రక్తంలో ఉన్నదానికి పదహారు, పదిహేడు రెట్లు వచ్చి చేరుతుంది. ఇన్సులిన్ ఎంత నేర్పుగా పనిచేయాలో, అది తడబడితే ఏమవుతుందో ఈ ఒక్క లెక్కతో బోధపడుతుంది.

మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు నశిస్తాయి. వారికి ఇన్సులిన్ ప్రాణాధారం. రెండవ రకంలో ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి సరిగా లొంగవు. కాలక్రమేణా ఉత్పత్తి కూడా తగ్గుతుంది. పరగడుపున 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేదా అంతకు మించి, హిమోగ్లోబిన్ ఏ1సీ 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే మధుమేహమని నిర్ధారిస్తారు. స్పష్టమైన లక్షణాలు లేనివారిలో ఒక్క పరీక్షతో సరిపెట్టక మరొకదానితో సరిచూస్తారు.

ఇంటికి చేరిన కొలత

తన శరీరాన్ని తానే కొలుచుకోవడం అన్న భావన నేడు సహజంగా తోస్తుంది. కాని అర్ధశతాబ్దం క్రితం అది వింత. ఈ సందర్భంలో అమెరికాకు చెందిన రిచర్డ్ బెర్న్‌స్టీన్ చరిత్ర తెలుసుకోదగినది. ఆయనకు 1946లో, పన్నెండేళ్ల వయసులో మొదటి రకం మధుమేహం వచ్చింది. ఆనాటి సలహాలన్నీ పాటించినా ముప్పైలలో పడేనాటికి మూత్రపిండాలు దెబ్బతింటున్న సూచనలు కనిపించాయి. వృత్తిరీత్యా ఆయన ఇంజనీరు. 1969లో ఒక పత్రికలో రక్తంలోని గ్లూకోజును కొలిచే యంత్రం ప్రకటన ఆయన కంటబడింది. స్పృహ తప్పి వచ్చిన వారు తాగినవారో, మధుమేహ రోగులో తేల్చడానికి ఆసుపత్రుల కోసం చేసిన యంత్రమది. వెల ఆరువందల యాభై డాలర్లు. పైగా వైద్యులకు తప్ప ఇతరులకు అమ్మరు. ఆయన భార్య వైద్యురాలు కావడంతో ఆమె పేరిట తెప్పించుకున్నారు.

రోజుకు అయిదారుసార్లు రక్తాన్ని పరీక్షించుకుంటూ, ఏ ఆహారం ఎంత పెంచుతున్నదో, ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ ఎంత తగ్గిస్తున్నదో, ఒక ఇంజనీరు యంత్రాన్ని పరిశీలించినట్లు ఆయన తన దేహాన్ని పరిశీలించారు. ఒడుదొడుకులు తగ్గాయి, ఆరోగ్యం మెరుగుపడింది. తన అనుభవాన్ని వైద్య పత్రికలకు పంపితే వారు ప్రచురించలేదని ఆయన చెప్పుకున్నారు. తన మాటకు విలువ రావాలంటే వైద్యుడు కావడమే మార్గమని తలచి, నలభై అయిదేళ్ల వయసులో వైద్య కళాశాలలో చేరి పట్టభద్రుడయ్యారు. 2025లో, తొంభయ్యేళ్ల వయసులో మరణించారు.

పిండిపదార్థాలను అత్యల్పానికి కుదించాలన్న ఆయన ఆహార పద్ధతిపై వైద్యులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అందరూ ఆ పద్ధతినే అనుసరించాలని ఈ చరిత్ర చెప్పదు. ఆయన నిలిపిన అసలు పాఠం వేరు: ఊహ స్థానంలో కొలతను ఉంచడం. కొలిచి చూసుకున్నవాడికి తన దారి దొరికింది. మరొకరు కొలిస్తే మరొక దారి దొరకవచ్చు.

దేహాలు ఎందుకు వేరు

ఒకే ఆహారం అందరిలో ఒకేలా పనిచేయదని సామాన్యులు చాలాకాలంగా అనుకుంటున్న మాటకు 2015లో బలమైన ఆధారం లభించింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రజ్ఞులు ఎనిమిది వందల మంది రక్తంలోని గ్లూకోజును వారంపాటు ఎడతెగకుండా కొలిచారు. అదే రొట్టె, అదే తూకంలో తిన్నా కొందరిలో చక్కెర ఒక్కసారిగా పైకి లేచింది, మరికొందరిలో అంతగా కదలలేదు. వయసు, బరువు, పేగులలోని సూక్ష్మజీవులు మొదలైన అనేక కారణాలు ఈ భేదానికి తోడ్పడుతున్నాయని వారు తేల్చారు.

భారతీయుల విషయంలో మరొక విశేషముంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రం అచ్చయింది. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండవవారు లండన్‌కు చెందిన జాన్ యడ్‌కిన్. ఎత్తుకు తగిన బరువును సూచించే అంకె ఇద్దరిలోనూ ఒకటే, 22.3. కాని ఒంటిలోని కొవ్వు యడ్‌కిన్‌లో 9.1 శాతముంటే యాజ్ఞిక్‌లో 21.2 శాతముంది. చూపులకు సన్నగా ఉన్న భారతీయుని దేహంలో కొవ్వు దాగి ఉండగలదని, ముఖ్యంగా పొట్ట చుట్టూ చేరినది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుందని ఆ చిత్రం లోకానికి చాటింది. సన్నగా ఉన్నాను గనుక నాకు రాదు అన్న ధీమా మనవారికి తగదు. నడుము కొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే దక్షిణాసియావారు జాగ్రత్త పడాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య సూచించింది. ఆసియా సంతతివారిలో ఇతర ముప్పు లక్షణాలుంటే ఆ బరువు అంకె 23 దగ్గర నుండే పరీక్ష చేయించాలని అమెరికా మధుమేహ సంఘం 2015లో ప్రకటించింది.

రెండవ రకం అని ఒకే పేరుతో పిలిచే వ్యాధి కూడా నిజానికి ఒకటి కాదు. 2018లో స్వీడన్, ఫిన్లాండ్ పరిశోధకులు పెద్దవయసులో మధుమేహం వచ్చినవారిని అయిదు వర్గాలుగా విభజించవచ్చని చూపారు. కొందరిలో ఇన్సులిన్ కొరత ప్రధానం, కొందరిలో ఇన్సులిన్‌కు లొంగకపోవడం ప్రధానం. మూత్రపిండాలకు ముప్పు ఎక్కువగా ఉన్న వర్గం వేరు, కళ్లకు ముప్పు ఎక్కువగా ఉన్న వర్గం వేరు. పక్కింటివారి మాత్ర తనకెందుకు పనిచేయడం లేదో దీనినిబట్టి అర్థం చేసుకోవచ్చు.

జంట పరీక్ష

తన లెక్క తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. వేలి కొన నుండి రక్తపు చుక్క తీసి కొలిచే చిన్న యంత్రం, ఒక నోటు పుస్తకం, వంటింటి త్రాసు చాలు. పద్ధతి ఇది. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట పెట్టిన రెండు గంటలకు మరొకసారి పరీక్షించుకోవాలి. రెండింటి మధ్య తేడాయే ఆ భోజనం ఆ దేహంపై చూపిన ప్రభావం. విడిగా చూసిన ఒక్క అంకె అంత చెప్పదు. రెండు గంటల తరువాత 190 వచ్చినప్పుడు, భోజనానికి ముందు 110 ఉంటే దోషం భోజనంలో వెదకాలి. ముందే 175 ఉంటే ఆ భోజనం నిర్దోషి. కారణం మరెక్కడో ఉంది.

ఈ పరీక్షలో పాటించవలసిన నియమాలు నాలుగు. మొదటిది, చేతులు కడిగి తుడుచుకోవడం. మామిడిపండు ముక్క కోసిన చేతితో పరీక్ష చేస్తే వేలికి అంటిన రసమే అంకెను పెంచుతుంది. రెండవది, ఒకసారికి ఒకే మార్పు. అన్నం తగ్గించి, నడక పెంచి, కొత్త కషాయం మొదలుపెట్టి, మూడూ ఒకే వారంలో చేస్తే మేలు చేసినదేదో తెలియదు. మూడవది, ఒకే ప్రయోగాన్ని కనీసం మూడు రోజులు చేయడం. ఇంటి యంత్రాల కొలత అసలు విలువకు పదిహేను శాతం వరకు అటూఇటూ ఉండటాన్ని అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతిస్తాయి. కాబట్టి 150కి, 160కి మధ్య తేడా చూసి సంతోషించనూ వద్దు, దుఃఖించనూ వద్దు. నాలుగవది, వ్రాసిపెట్టడం. తిన్నదేమిటి, ఎంత, ఎన్ని గంటలకు, నిద్ర ఎలా పట్టింది, జ్వరం గాని ఆందోళన గాని ఉన్నదా అన్నవి అంకెల పక్కనే ఉండాలి. నిద్రలేమి, జ్వరం, మనోవ్యథ కూడా చక్కెరను పెంచగలవు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక గృహిణికి మధ్యాహ్న భోజనానికి ముందు 118, రెండు గంటలకు 212 వచ్చాయనుకుందాం. పెరుగుదల 94. అన్నం తూచి చూస్తే 280 గ్రాములు. తరువాతి మూడు రోజులు అన్నం 150 గ్రాములకు తగ్గించి, ఆ స్థానంలో పప్పు, కూర పెంచగా పెరుగుదల 55 దగ్గర నిలిచింది. ఆ పై మూడు రోజులు అదే భోజనానికి పదిహేను నిమిషాల నడక చేర్చగా 38కి దిగింది. ఆమె అన్నం మానలేదు. తన అన్నం ఎంతో తెలుసుకున్నది. అదే ప్రయోగంలో ఆమె భర్తకు అన్నం తగ్గింపు కన్న నడకే ఎక్కువ ఫలమివ్వవచ్చు. ఒకే వంట తినే దంపతులకు కూడా లెక్క వేరుగా ఉండటం వింత కాదు.

తెలుగు భోజనంలో ప్రయోగాలు

ప్రయత్నించదగిన మార్పులలో మొదటిది పరిమాణం. బియ్యపు రకం కూడా కొంత తేడా చూపుతుంది. ఆహారం ఎంత వేగంగా చక్కెరను పెంచుతుందో తెలిపే గ్లైసీమిక్ సూచికను 1981లో టొరాంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది. ఆ సూచిక 55 లేదా అంతకు తక్కువైతే తక్కువ వేగమని అర్థం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా బియ్యానికి అది 51 దరిదాపుల్లో ఉన్నట్లు వెల్లడైంది. అయితే సూచిక తక్కువని రెట్టింపు తింటే ప్రయోజనం శూన్యం. వేగం ఒక ఎత్తు, మొత్తం మరొక ఎత్తు. రాగులకూ ఇదే వర్తిస్తుంది. గట్టి సంగటిగా కూరతో తిన్నప్పటికీ, మెత్తని పిండిని పలుచని జావగా కాచి తాగినప్పటికీ ఫలితం ఒకటి కాకపోవచ్చు. కొలిచి చూడటమే తీర్పు.

రెండవది వరుస. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2015లో పదకొండు మంది మధుమేహ రోగులపై చేసిన చిన్న పరిశోధనలో, కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాలను చివర తిన్నప్పుడు చక్కెర పెరుగుదల గణనీయంగా తగ్గింది. తెలుగింటి భోజనానికి దీనిని అన్వయించుకోవడం తేలిక. కూర, పప్పు, కోసంబరి వంటివి ముందు కొంత తిని, అన్నాన్ని ఆ తరువాత కలుపుకోవచ్చు. ఖర్చు లేదు, రుచికి లోటు లేదు. పనిచేస్తుందో లేదో మూడు రోజులలో తేలుతుంది.

మూడవది ఉదయపు ఫలాహారం. బియ్యపు రవ్వతో చేసిన ఇడ్లీ, ఉప్మా త్వరగా జీర్ణమవుతాయి. పొట్టు పెసలతో చేసిన పెసరట్టులో మాంసకృత్తులు, పీచు ఎక్కువ. రెండింటినీ వేర్వేరు రోజులలో జంట పరీక్షతో పోల్చవచ్చు. కొందరికి ఉదయం తిన్నది ఎక్కువగా పెంచుతుంది, అదే పదార్థం సాయంత్రం అంతగా పెంచదు. మరికొందరికి ఇందుకు విరుద్ధం.

నాలుగవది నడక వేళ. వాషింగ్టన్‌లోని ఒక విశ్వవిద్యాలయం 2013లో పదిమంది పెద్దవయసువారితో చేసిన ప్రయోగంలో, ప్రతి భోజనం తరువాత పదిహేను నిమిషాలు నడవడం రోజంతటి చక్కెరను తగ్గించింది. రాత్రి భోజనం తరువాతి పెరుగుదలను ఒకేసారి నలభై అయిదు నిమిషాలు నడవడం కన్న బాగా అదుపు చేసింది. మంచు కురిసే ఊళ్లలో, ఎండ మండే ఎడారి నగరాలలో ఆరుబయట నడక కుదరని కాలముంటుంది. ఇంటిలోనే అటూఇటూ నడవడం, మెట్లు ఎక్కిదిగడం, అంగడి సముదాయాలలో నడవడం కూడా నడకే.

ఒక అంకె మాత్రం చాలామందిని కలవరపెడుతుంది. రాత్రి తక్కువ తిని పడుకున్నా తెల్లవారి చక్కెర ఎక్కువగా ఉంటుంది. ఇది తినడంలో చేసిన తప్పు కానవసరం లేదు. వేకువజామున విడుదలయ్యే హార్మోనుల ప్రేరణతో కాలేయం గ్లూకోజును వదలడమే తరచు కారణం. దీనికి మరింత ఉపవాసం విరుగుడు కాదు. ఆ అంకెలను వైద్యునికి చూపితే మందు వేళలోనో, మోతాదులోనో మార్పు సూచిస్తారు.

చర్మానికి అంటించుకొని రెండు వారాలపాటు ఎడతెగక కొలిచే పరికరాలు నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ఇన్సులిన్ వాడని పెద్దల కోసం వైద్యుని చీటీ లేకుండానే అటువంటివి అమ్మడానికి అమెరికాలో 2024లో అనుమతి లభించింది. కొన్ని వారాలు వాడినా తన దేహపు పోకడ తెలుస్తుంది. నిమిష నిమిషమూ అంకె చూసి బెంగపడేవారికి మాత్రం నోటు పుస్తకమే మేలు.

గమ్యం కూడా వ్యక్తిగతమే

ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజును కొలిచే ఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సరాసరిని తెలుపుతుంది. 7 శాతమంటే సరాసరి సుమారు 154 మిల్లీగ్రాములు; 8 శాతమంటే సుమారు 183. ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో అంకె అసలు కన్న ఎక్కువగా కనిపించవచ్చు. ఎర్రకణాలు త్వరగా నశించే వ్యాధులలో తక్కువగా కనిపిస్తుంది. ఇంటి కొలతలకూ, ఏ1సీకీ పొంతన కుదరనప్పుడు ఆ మాట వైద్యునితో చెప్పాలి.

చక్కెరను అదుపులో ఉంచడం అవయవాలను కాపాడుతుందని రెండు మహా పరిశోధనలు నిరూపించాయి. మొదటి రకం రోగులపై 1441 మందితో జరిగిన అమెరికా, కెనడా పరిశోధన ఫలితాలు 1993లోనూ, రెండవ రకం రోగులపై జరిగిన బ్రిటన్ పరిశోధన ఫలితాలు 1998లోనూ వెలువడ్డాయి. అయితే ఎంత తగ్గిస్తే అంత మంచిదన్న ఊహను మరొక పరిశోధన సరిదిద్దింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా రోగులలో ఒక వర్గానికి ఏ1సీని 6 శాతం లోపుకు దించాలని ప్రయత్నించగా, ఆ వర్గంలో మరణాలు ఎక్కువైనందున 2008లో ఆ తీవ్రచికిత్సను మధ్యలోనే ఆపివేశారు. 2012లో అమెరికా, ఐరోపా మధుమేహ సంఘాలు ఉమ్మడిగా ఇచ్చిన మార్గదర్శకాలు చికిత్సను వ్యక్తిని బట్టి నిర్ణయించాలని స్పష్టంగా చెప్పాయి.

అందువల్ల పెద్దవారిలో చాలామందికి 7 శాతం లోపు తగిన గమ్యం. వయసు మళ్లి, ఇతర వ్యాధులతో ఉన్నవారికి, చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నవారికి 8 శాతం లోపు చాలని వైద్యులు అంటారు. నలభై ఏళ్ల కొడుకుకు పెట్టిన లక్ష్యాన్ని డెబ్బై ఎనిమిదేళ్ల తండ్రిపై రుద్దడం ప్రేమే కావచ్చు కాని హితం కాదు.

ప్రయోగానికి అతీతమైనవి

కొన్ని విషయాలలో సొంత ప్రయోగాలకు తావు లేదు. మొదటి రకం రోగి ఇన్సులిన్‌ను ఒక్క రోజు కూడా మానరాదు. ఏ రకం రోగి అయినా మందుల మార్పును వైద్యునితో చెప్పే చేయాలి. మెంతులు, కాకరకాయ ఆహారంగా మంచివే. అవి మందుకు ప్రత్యామ్నాయం కావు.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వణుకు, చెమట, గుండెదడ, తికమక దాని గుర్తులు. 70 మిల్లీగ్రాములకు తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు గాని, మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి గాని తీసుకొని, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. అత్యవసర వైద్యసహాయం పిలవాలి. ఈ మందులు వాడేవారు అన్నం తగ్గించే ప్రయోగానికీ, ఏకాదశి, కార్తిక సోమవార ఉపవాసాలకూ ముందు మోతాదు గురించి వైద్యుని సంప్రదించక తప్పదు.

ఏటా ఒకసారి కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, పాదాల పరీక్ష అందరికీ అవసరం. రక్తపోటు, కొలెస్టరాల్ అదుపు, పొగ మానడం గ్లూకోజు అదుపుతో సమానంగా ముఖ్యం. పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇంటిలో కూడా చెప్పులు లేకుండా తిరగరాదు.

ప్రవాస జీవితంలో గమనించవలసినవి

దేశాలు మారినప్పుడు కొలమానాలు మారతాయి. అమెరికాలోనూ, భారతదేశంలోనూ మిల్లీగ్రాములు. బ్రిటన్, దక్షిణాఫ్రికా, మలేసియాలలో మిల్లీమోల్‌లు. మిల్లీమోల్ అంకెను 18తో గుణిస్తే మిల్లీగ్రాములు వస్తాయి. లండన్‌లో 7.0 అంటే హైదరాబాదులో 126. బ్రిటన్‌లో ఏ1సీని కూడా వేరే అంకెలలో చెబుతారు. అక్కడి 53 ఇక్కడి 7 శాతానికి సమానం.

తల్లిదండ్రులు పిల్లల దగ్గరకు వచ్చేటప్పుడు మందుల పెట్టెతో పాటు చీటీ కూడా రావాలి. భారతదేశంలో రెండు మూడు మందులు కలిపిన మాత్రలు వ్యాపార నామాలతో దొరుకుతాయి. ఆ పేరు విదేశీ వైద్యునికి తెలియదు. అందుకే మాత్రలోని మూల ఔషధాల పేర్లు, మిల్లీగ్రాములు వ్రాయించి తెచ్చుకోవాలి. ఇన్సులిన్ విషయంలో జాగ్రత్త మరింత అవసరం. భారతదేశంలో దొరికే సీసాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్లవి ఇంకా వాడుకలో ఉన్నాయి. అమెరికాలో మామూలుగా దొరికేది 100 యూనిట్లది. 40 యూనిట్ల సిరంజితో 100 యూనిట్ల ఇన్సులిన్ తీస్తే పది అనుకున్నది ఇరవై అయిదు అవుతుంది. అది ప్రాణాంతకం కాగలదు. సీసా ఏ దేశానిదైతే సిరంజి కూడా దానికి తగినదే ఉండాలి. విమానంలో ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచుకోవాలి. కింది సామానులో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. రాత్రి పగలు తారుమారయ్యే ప్రయాణంలో మోతాదు వేళలను ముందే వైద్యునితో వ్రాయించుకోవాలి.

రాకముందే తప్పించుకునే మార్గం

తల్లిదండ్రులకు మధుమేహం ఉన్న ఇంటిలో పిల్లల లెక్క కూడా ముందుగానే మొదలవడం మంచిది. అమెరికాలో 3234 మందితో జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, వ్యాధి అంచున ఉన్నవారు ఒంటి బరువులో ఏడు శాతం తగ్గి, వారానికి 150 నిమిషాల వ్యాయామం చేయాలన్న లక్ష్యంతో సాగగా వ్యాధి సోకడం 58 శాతం తగ్గింది. చెన్నైకి చెందిన వైద్యుడు ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన భారతీయ పరిశోధనలో ఆహార, వ్యాయామ మార్పులతో తగ్గుదల 28.5 శాతం. ఆ రెండు అంకెల మధ్య భేదం కూడా ఒక పాఠమే. పాశ్చాత్యులపై వచ్చిన ఫలితం మనవారిలో అచ్చంగా అంతే రాకపోవచ్చు, అయినా ప్రయత్నం వ్యర్థం కాదు.

వైద్యుడు రోగిని మూడు నెలలకొకసారి కొద్ది నిమిషాలపాటు చూస్తాడు. మిగిలిన గంటలన్నీ రోగి తన దేహంతో ఒంటరిగా గడుపుతాడు. ఆ గంటలలో ఏం జరిగిందో చెప్పగలిగిన నోటు పుస్తకాన్ని చేతబట్టుకొని వెళ్లిన రోగికి, ఉత్తచేతులతో వెళ్లిన రోగికి అందే వైద్యంలో ఎంతో తేడా ఉంటుంది. మొదటివాడికి వైద్యుడు మందు మాత్రమే కాక దారిని కూడా చూపగలడు. కుటుంబ సభ్యులు ఆ పుస్తకాన్ని నేరారోపణ పత్రంగా చూడక, ఇంటిల్లిపాదికీ ఉపయోగపడే దినచర్యగా చూడాలి. అంకె పెరిగిన రోజున మందలింపు కన్న, భోజనమయ్యాక కలిసి నడిచే పదిహేను నిమిషాల తోడు ఎక్కువ మేలు చేస్తుంది. కొలవడం, వ్రాయడం, ఒక్కొక్కటిగా మార్చి చూడడం, వైద్యునితో పంచుకోవడం: ఈ నాలుగింటిని అలవరచుకున్న వ్యక్తికి పండుగ భోజనం భయకారణం కాదు. తన విస్తరిలో తనకు తగిన భాగమెంతో అతనికి తెలుసు.